గాలిలో పడావు జాగ

తహసీల్దారు గారికి ఐలవ్వ చెప్పి రాయిస్తున్నది. ఎవరూ దున్నక పడావు పడ్డ సర్కారు ఎకరంలో పత్తి వేసినందుకు నన్ను కబ్జాకోరు అన్నారు. పత్తి ఏరకముందే ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. సంతోషం.

నిన్న అదే చేనులోకి భానుప్రసాద్ అనే ఇంజినీరు వచ్చాడు. మా ఊరి బడికి నెట్ ఇస్తాడట.

"టీవీలోల్లు వాడని తరంగాలు గాలిల ఉత్తగనే ఉన్నయవ్వా. వాటి మీదనే నెట్ పంపుతం."

"గవి నీ బాపు సొత్తా?"

"కాదు. వాల్లకు అక్కర పడితే తప్పుకుంటం."

"అయితే నువ్వు సుత కబ్జాకోరువే గదా బిడ్డా!"

"గట్లనకు. దీన్ని పంచుకునుడు అంటరు."

ఎంత ముద్దొచ్చే మాట! అది తెలియక ఇరవై ఏళ్లుగా దున్ని దొంగనయ్యాను.

అతనికి స్తంభం పాతే జాగ కావాలి, దానికి నా వేలిముద్ర కావాలి. ముందు అతను తెచ్చిన కాగితం చదవమన్నాను. "ఈ చేను ఐలవ్వది. స్తంభం పాతితే ఆమెకు అభ్యంతరం లేదు" అని ఉంది. కింద తమరి సంతకం, ముద్ర.

తమరు చదువుకున్నవారు, చదవకుండా సంతకం పెట్టారు. నేను చదువు రానిదాన్ని, రెండుసార్లు చదివించుకుని వేలు పెట్టాను.