ఇటుకల మీద ఫియట్

రేపల్లెలో అంద్రెయ పోయి నాలుగు నెలలైంది. అతని ఫియట్ కారుకు చక్రాలు తీసేసి, షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టారు. సమాధుల పండుగ నాడు స్నేహితుడి సమాధి మీద పెట్టాలని జకరయ్య మాస్టారు అచ్చం అలాంటి కారునే చెక్కతో చేస్తున్నారు. తలుపు మీది సొట్టతో సహా అన్నీ కుదిరాయి. శుక్రవారం కారు మీటరులో తిరిగిన కిలోమీటర్లు చూసి వెళ్ళి, చెక్క కారులో బియ్యపుగింజంత చోట సన్నని కుంచెతో అంకెలు కూడా దిద్దారు: 48216.

ఆదివారం చీకటి పడ్డాక మళ్ళీ వచ్చారు.

"ఇంకా ఏం కొలవాలి అన్నయ్యగారూ?" అంద్రెయ భార్య విజయమ్మ తాళంచెవి ఇస్తూ అడిగింది.

"కొలతలు అయిపోయాయమ్మా. అంకెలు ఒక్కసారి సరిచూసుకుని పోతాను."

షెడ్డులోకి వెళ్ళి, టార్చి వేసి, కారు అద్దంలోంచి తొంగి చూశారు. 48286.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అదే అంకె. ఇటుకల మీద దుమ్ము కూడా చెదరలేదు.

డెబ్భై కిలోమీటర్లు. తెనాలి వెళ్ళి రావడానికి దాదాపు అంతే. పదేళ్ళపాటు ప్రతి శనివారం ఇద్దరూ ఈ కారులోనే తెనాలి వెళ్ళి, దోసెలు తిని వచ్చేవారు. నిన్న శనివారం. మాస్టారు ఇంట్లో ఒక్కరే ఇంత మజ్జిగన్నం తిని పడుకున్నారు.

భయపడాల్సిన చోట ఆయనకు ఉక్రోషం వచ్చింది.

"నన్ను పిలవకుండానే వెళ్ళొచ్చావేంట్రా అంద్రెయా?"

ఎడమవైపు తలుపు, మాస్టారు ఎప్పుడూ కూర్చునే వైపు, లోపలి నుంచి టక్కుమని తెరుచుకుంది.