తనిఖీ ఫీజు

మెర్విన్ హాడెక్‌కి తన వృద్ధాశ్రమంలో ఉండే ముసలివాళ్లకంటే, అక్కడ ఉద్యోగం అడగడానికి వచ్చేవాళ్ల వల్లే సుఖం ఎక్కువ.

ముసలివాళ్లకి తిండి పెట్టాలి, దుప్పట్లు మార్చాలి. ఉద్యోగానికి వచ్చేవాళ్ల దగ్గర ముప్ఫై అయిదు డాలర్లు పుచ్చుకుంటే సరిపోతుంది. దాని పేరు తనిఖీ ఫీజు. పిల్లల్నీ ముసలివాళ్లనీ హింసించి పట్టుబడినవాళ్ల పేర్లన్నీ రాష్ట్ర ప్రభుత్వం ఒక రిజిస్ట్రీలో రాసి ఉంచుతుంది. ఎవరినైనా పనిలోకి తీసుకునేముందు ఫారం నింపి, ఫీజు జతచేసి పంపితే, ‘ఈ పేరు మా రిజిస్ట్రీలో లేదు’ అని ఉత్తరం వస్తుంది.

మెర్విన్ ఫీజు పుచ్చుకునేవాడు. ఫారం మాత్రం పంపేవాడు కాదు. మనుషులు అక్కర్లేని నెలల్లో కూడా ఎల్క్‌బెండ్ ఊరి వారపత్రికలో ‘పనివాళ్లు కావలెను’ అని ప్రకటన వేయించేవాడు. ఆ ప్రకటనల పుణ్యమా అని రెండేళ్లలో చేపలు పట్టుకోవడానికి కొత్త పడవ కొనుక్కున్నాడు.

“మన ఊళ్లో ఎవడెలాంటివాడో నాకు తెలీదా? దానికి రాజధానిలో ఎవడో గుమాస్తాని అడగాలా?” అనేవాడు భార్యతో.

ఆర్డిత్ వాసెక్ ఈ ఊరి మనిషి కాదు. భర్త పోయాక రాజధాని నుంచి వచ్చి చెల్లెలింట్లో ఉంటోంది. వంటింట్లో పనికోసం ఆవిడ దరఖాస్తు పట్టుకొచ్చింది. దరఖాస్తులు చదివే అలవాటు మెర్విన్‌కి లేదు. దానికి గుచ్చి ఉన్న చెక్కు ఊడదీసుకుని, కాగితాన్ని సొరుగులో పడేశాడు.

“తనిఖీ ఉత్తరం ఎన్నాళ్లకొస్తుందండీ?” అని అడిగింది ఆర్డిత్.

“వస్తుందమ్మా, తొందరేముంది? గవర్నమెంటు వాళ్లు కదా, తీరిగ్గా చూస్తారు. మీరు మాత్రం రేపట్నుంచే వచ్చెయ్యండి.”

వచ్చింది. ఆవిడ చేసే గసగసాలు నింపిన కొలాచీలనే తీపి బన్నుల కోసం ముసలివాళ్లు పొద్దున్నే చక్రాల కుర్చీలు తోసుకుంటూ వంటింటి గుమ్మంలో చేరేవారు. ఆవిడ మాత్రం వారానికోసారి మెర్విన్ గదిలోకి తొంగిచూసి, “నా ఉత్తరం వచ్చిందాండీ?” అని అడిగేది.

ఈవిడకెందుకింత ఆత్రం, ఎక్కడో ఏదో మచ్చ ఉండే ఉంటుంది అనుకున్నాడు మెర్విన్. అలాంటి మనిషికి జీతం కాస్త తగ్గించినా నోరెత్తదని కూడా అనుకున్నాడు. తగ్గించాడు. ఆవిడ నోరెత్తలేదు.

అక్టోబరులో, హిల్డా అనే ఎనభై తొమ్మిదేళ్లావిడ మణికట్టు నల్లగా కమిలిపోయింది. అయిదు వేళ్ల గుర్తులూ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొత్తగా చేరిన రాయ్స్ అనే పనివాడు గదిలోకి వస్తే చాలు, దుప్పటి తలమీదికి లాక్కునేది. చేతికి మందు రాసిన ఆర్డిత్ నేరుగా మెర్విన్ దగ్గరికి వెళ్లింది.

“తలుపుకి కొట్టుకుని ఉంటుంది లెండి” అన్నాడు అతను.

“తలుపుకి వేళ్లుంటాయాండీ?”

హిల్డా కూతురు ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. గురువారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నారనీ, పదకొండుమంది పనివాళ్ల తనిఖీ ఉత్తరాలూ సిద్ధంగా ఉంచాలనీ కబురొచ్చింది.

మెర్విన్‌కి ముచ్చెమటలు పోశాయి. అరగంటలో ఆరిపోయాయి కూడా. ఈ ఆశ్రమం అతని మేనత్త చేతిలో ఉన్న రోజుల్లో, పాపం ఆవిడ నిజంగానే ఫీజులు పంపేది. అప్పటి అసలు ఉత్తరం ఒకటి పాత ఫైల్లో దొరికింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పేరూ తేదీ మార్చి, పదకొండు ఉత్తరాలు తీశాడు. కింద ఉన్న సంతకం ఎవరిదో పోల్చుకోవడం దేవుడి తరం కూడా కాదు. దాన్ని అలాగే ఉంచేశాడు.

గురువారం వచ్చిన ఇన్‌స్పెక్టర్ బక్కపల్చటి మనిషి. ఉత్తరాలు లెక్కపెట్టాడు. పదకొండు ఉన్నాయి.

ధైర్యం ఎక్కువైపోయి మెర్విన్ అడిగాడు. “రిజిస్ట్రీ వాళ్లతో కూడా ఒకసారి సరిచూసుకుంటారా సార్?”

“ఎక్కడండీ! మేం అడిగినా ఫీజు కట్టాల్సిందే. మా శాఖకి ఈ ఏడు ఆ పద్దు కింద ఒక్క సెంటు లేదు” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కళ్లు నులుముకుంటూ. “కాగితం ఉందిగా, చాలు. ఒక్కొక్కరూ వచ్చి తమ ఉత్తరం చూసుకుని, పక్కన సంతకం పెట్టి వెళ్తే ఫైలు మూసేస్తాను.”

పదిమంది వచ్చి, చదవకుండానే సంతకాలు పెట్టి వెళ్లారు. రాయ్స్ అయితే ఈల వేసుకుంటూ వచ్చి, ఈల ఆపకుండానే పెట్టాడు. చివరికి ఆర్డిత్ చేతికంటిన పిండి తుడుచుకుంటూ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం చదివింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి మళ్లీ చదివింది.

“రాదు రాదని బెంగపెట్టుకున్నారు, చూశారా, వచ్చింది! ఇంకేం చూస్తారమ్మా? సంతకం పెట్టండి” అన్నాడు మెర్విన్.

“ఇక్కడ ఒకటి ఉంది కదండీ, దాన్ని చూస్తున్నా.”

“అది ఆఫీసరుది. కోడి కెలికినట్టుంది, ఎవరికర్థమవుతుంది?” అని నవ్వాడు మెర్విన్. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు.

“మా ఆయనా అదే మాట అనేవారు” అంది ఆర్డిత్, ఉత్తరాన్ని ఇన్‌స్పెక్టర్ ముందుకు జరుపుతూ. “ఈ సంతకమే రోజుకి రెండొందలసార్లు చొప్పున, ఇరవై రెండేళ్లు ఆ రిజిస్ట్రీలో కూర్చుని పెట్టాను కదండీ, చెయ్యి అలా తిరిగిపోయింది. కానీ నేను రిటైరై నాలుగేళ్లయింది. పోయిన నెల తేదీ వేసి, నేను మంచిదాన్నేనని నాకు నేనే ఎప్పుడు రాసిచ్చుకున్నానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు!”