సౌండ్ సున్నా

టీ తాగి వచ్చేసరికి మూల సిస్టం ముందు ఎవరో కూర్చుని ఉన్నారు.

భూపేష్‌కు ఒళ్ళు మండింది. బస్సులో సీటు పట్టినట్టు ఆ కుర్చీ మీద కర్చీఫ్ వేసి మరీ వెళ్ళాడు. దాన్ని మడిచి పక్కన పెట్టి, చెవుల దగ్గర జుట్టు నెరిసిన మనిషి ఒకడు దర్జాగా ఆటలోకి దూరి సెట్టింగులు కెలుకుతున్నాడు.

"ఏమప్పా, కర్చీఫ్ కనపడల్యా?"

అతను సెట్టింగులు కెలుకుతూనే ఉన్నాడు.

"నిన్నేనప్పా! లెయ్యి. మా మనిషి వస్తాండాడు."

ఆ మనిషి తల కూడా తిప్పలేదు.

కర్నూలులో ఉరుకుందు నడిపే ఆ గేమ్ సెంటర్‌లో ఆరోజు జిల్లా పోటీ. జట్టుకు నలుగురు. ఒక్కరు తగ్గినా జట్టును తీసేస్తారు. గెలిస్తే విశాఖలో పెద్ద పోటీకి పోవచ్చు. గెలవకపోతే భూపేష్ డోన్‌లో మేనమామ లారీ ఆఫీసులో కూర్చోవాలి. ఇదే ఆఖరి అవకాశమని నాన్న తిమ్మయ్య పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

భూపేష్, తనూజ, సుచరిత ముగ్గురూ వచ్చేశారు. రావలసింది బేనీషా ఒక్కడే.

అది ఆటలో అతను పెట్టుకున్న పేరు. బనగానపల్లె వాడు గనుక తమ ఊరి మామిడిపండు పేరే పెట్టుకున్నాడు. పరిచయమంతా ఆటలోనే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. మైకు పెట్టుకోమని ఎంత మొత్తుకున్నా పెట్టుకోడు, ఏదైనా టైపు చేస్తాడు. కానీ శత్రువు ఎంత పిల్లిలా వచ్చినా అందరికంటే ముందు అతని దగ్గర నుంచే "వెనక" అన్న మాట వచ్చి పడుతుంది. అతనివి పాముచెవులని తనూజ అంటూ ఉంటుంది. అతను లేకపోతే ఈ జట్టు ఇంతదాకా వచ్చేదే కాదు.

అలాంటివాడి కోసం ఉంచిన సిస్టంను ఈయనగారు ఏం చేసి పెట్టాడో చూసి భూపేష్‌కు తల తిరిగింది.

మౌస్, కీబోర్డు పక్కకు నెట్టేశాడు. తన సంచిలోంచి, రెండు చేతుల్లో పట్టుకుని ఆడే పాత కంట్రోలర్ ఒకటి తీసి తగిలించాడు. దాని అదురుడు చివరికంటా పెంచాడు. అది పిండిమర మీద పెట్టిన డబ్బాలా దడదడలాడుతోంది. తుపాకీ పేల్చే మీటను పరుగుకు మార్చాడు, పరుగు మీటను ఇంకేదానికో మార్చాడు. అన్నిటికన్నా ఘోరం, సౌండ్ సున్నా చేశాడు.

"అడుగుల చప్పుడు ఇనకుండా ఈ ఆట ఎవరన్నా ఆడతారాప్పా? తెలీకుంటే గమ్మునుండాల గానీ!"

భూపేష్ భుజం పట్టి కుదిపాడు. ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఆ వెంటనే నవ్వాడు. కంట్రోలర్‌ను భూపేష్ చేతుల్లో పెట్టి, పట్టుకుని చూడమన్నట్టు సైగ చేశాడు.

పోటీ ముందు ఈ వేళాకోళం ఒకటా అని భూపేష్ మరింత మండిపడ్డాడు. వైరు పీకి, కంట్రోలర్‌ను అతని సంచిలో పడేశాడు. మౌస్ లాక్కుని, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే బటన్ నొక్కాడు. అతను అంతసేపూ కూర్చుని చేసుకున్నదంతా చెరిగిపోయింది.

ఆ మనిషి ముఖం పాలిపోయింది. గబగబా ఫోను తీసి ఏదో నొక్కబోయాడు.

"ఏమి, వీడియో తీస్తావా? లోపల పెట్టు ఫోను!"

భూపేష్ అతని రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు.

"పాపం, పెద్దాయన. మెల్లగా చెప్పకూడదా?" అన్నాడు ఉరుకుందు.

"చెప్తే ఇంటాండాడాన్నా? రాయి మాదిరి కూర్చోనుంటే!"

పోటీ వేళ దగ్గరపడింది. బేనీషా ఇచ్చిన నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తడం లేదు. తనూజ కిటికీ దగ్గర నిలబడింది.

"వచ్చినాడా?" అనడిగాడు భూపేష్.

"యాడొచ్చినాడు? నీవు పంపిచ్చినాయప్ప మాత్రం ఇంకా మెట్ల మీదనే ఉండాడు. వచ్చే పోయే వాళ్ళ మొకాలు చూస్తాండాడు."

భూపేష్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఉరుకుందన్నా, ఆయప్పను ఆడ్నుంచి లేపు. బేనీషా వస్తే దారికడ్డం."

ఉరుకుందు కిందికి వెళ్ళి, చెయ్యి ఊపి అతన్ని పంపేశాడు.

పోటీ మొదలైంది. ముగ్గురితో కుదరదని పోటీ నడిపేవాళ్ళు అన్నారు. భూపేష్ బతిమాలాడు, ఐదు నిమిషాలు ఆగమన్నాడు, చివరికి గొంతు పెంచాడు. అయినా జట్టును తీసేశారు.

అంతా అయిపోయాక ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి.

"నేను మద్దిలేటి వాళ్ళక్కను, నాగలతను. మీ ఆటలో బేనీషా అంటారంటనే, వాడే. తోటలో ఉంటి, ఫోను చూడల్యా. నీవెవరప్పా?"

"భూపేష్‌ను. మా కొంప ముంచినాడక్కా మీ తమ్ముడు! రాలేనని ముందే చెప్పింటే ఇంగొకర్ని చూసుకుంటాంటిమి."

"రాకపోయేదేందప్పా? తెల్లారి మొదటి బస్సుకే వచ్చినాడు. ఆడ ఎవరో రెక్కబట్టి బయటికి నూకినారంట. మీ నంబరు వాని కాడ ల్యా, భూపేష్ వస్తే అంతా సరి చేస్తాడని మెట్ల మీద కాచుకోనుంటే, ఆడ్నుంచీ లేపినారంట. ఇప్పుడే మెసేజి పెట్టినాడు, తిరిగి బస్సెక్కినానని."

భూపేష్ కిటికీలోంచి కింది మెట్ల వైపు చూశాడు. ఏడుపు వచ్చింది, దాని వెంటే కోపమూ వచ్చింది. ఎవరి మీదో అతనికే తెలియలేదు.

"మరి నేనే బేనీషా అని నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు గదక్కా!"

"ఎట్ల చెప్తాడప్పా? పుట్టినప్పట్నుంచి వానికి ఇనపడదు, మాటా రాదు. అడుగు పడినప్పుడల్లా అరచేతుల్లో అదిరేదాన్ని బట్టే, మీ వెనకాల ఎవరొస్తాండారో మీకందరికన్నా ముందు కనుక్కుంటాండె."