ఊపిరికి నలభై ఆరు

మి చన్ రాతి మీద నీళ్ళు చిలకరించి తనకా చెక్క అరగదీస్తోంది.

ముఖానికి పూసుకునే ఆ గంధం చిక్కబడేలోపే రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది.

తలుపు చప్పుడైంది.

"ఊపిరి కొలిచే ఆవిడ వచ్చేసింది. కింది అంతస్తు నుంచి అందరిచేతా ఊదిస్తోందట," అంది గదిలో తనతోపాటు ఉండే ఖిన్ లాట్. "చుట్ట తాగావా?"

"రెండు తాగాను అక్కా."

"అయితే నంబరు తగ్గుతుంది. యాభై దాటిందంటే ఊపిరిగొట్టాలు వాచినట్టు. రోగిష్టిదానివని కంపెనీ పంపించేస్తుంది. మన లైనులో అందరం ఇలాగే గట్టెక్కాం."

పని పోతే ఈ పరాయి దేశంలో, మహాచైలో ఉండనిచ్చే కాగితమూ పోతుంది. సరిహద్దు దాటి ఊరికి వెళ్తే అక్కడ తుపాకుల మోత.

ఉంటే, రొయ్యలు ఉడికే ఆవిరి గదిలో రోజుకు పది గంటలు. నాలుగు నెలలుగా ఆ ఆవిరి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు.

మి చన్ తలుపు తీసింది.

గుమ్మంలో యాభై దాటిన ఆడమనిషి. చేతిలో టిఫిన్ డబ్బా అంత మిషన్. నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఊపిరి కొలవడానికొచ్చి తన ఊపిరే పోగొట్టుకునేలా ఉంది," ఖిన్ లాట్ గొణిగింది.

ఆవిడ మిషన్ గొట్టం మి చన్ చేతికిచ్చింది.

"బెలూన్ ఊదినట్టు కాదమ్మా. సన్నగా, ఒకే తీరుగా. తెర మీద మబ్బు ఈ రెండు గీతల మధ్యే ఉండాలి."

మి చన్ ఊదింది. మబ్బు రెండుసార్లు కింద పడిపోయింది. మూడోసారి నిలిచింది.

నలభై ఆరు.

ఖిన్ లాట్ మొహం విప్పారింది. ఆవిడ మాత్రం మి చన్ వైపు వంగి వాసన చూసింది.

"చుట్ట తాగావా?"

"లేదు పెద్దమ్మా."

"తాగితే నంబరు తగ్గుతుంది తల్లీ. వాపు తగ్గదు. నంబరు ఎక్కువుంటే నిన్ను ఆవిరి గది నుంచి మారుస్తారు."

"మారుస్తారు, మారుస్తారు! ఎక్కడికి? సరిహద్దు అవతలికి!" ఖిన్ లాట్ నవ్వింది. "ఎవరెవరి పేర్లు పట్టుకురమ్మన్నారు మీ కంపెనీవాళ్ళు?"

"నేను ఆసుపత్రి తరఫున వచ్చాను."

"గుమ్మం ఎక్కినవాళ్ళంతా అదే మాట."

ఆవిడ నంబరు రాసుకుని మిషన్ ఆపింది.

"రేపు సాయంత్రం మళ్ళీ వస్తాను మి చన్. అంతదాకా చుట్ట ముట్టకు. ఎల్లుండి గది మార్చాల్సినవాళ్ళ జాబితా ఇచ్చేయాలి."

మర్నాడు సాయంత్రం మెట్ల మీద అడుగులు వినగానే ఖిన్ లాట్ గడియ పెట్టింది. ఫ్యాను కూడా ఆపేసింది.

కిటికీ లేని గది. ఇద్దరూ గోడకు అతుక్కుని కూర్చున్నారు.

"మి చన్! ఒక్కసారి ఊదు తల్లీ."

మి చన్‌కు దగ్గు ఎగదన్నుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒక్కసారే. నీకేం కాదు, నా మాట నమ్ము."

లోపల ఎవరూ కదల్లేదు.

చాలాసేపటికి అడుగులు కిందికి దిగాయి, అంతస్తు అంతస్తుకూ ఆగుతూ.

"పీడా పోయింది," అంది ఖిన్ లాట్.

పది రోజులకు ఫ్యాక్టరీ గోడ మీద జాబితా అంటించారు.

అందులో ఉన్న పదకొండుమందినీ ఐస్ గదికి మార్చారు. అక్కడ ఆవిరి లేదు. జీతం అంతే, కాగితం అలాగే ఉంది. అందరి నంబర్లూ యాభై దాటినవే.

మి చన్ లైనులో ఒక్క పేరూ లేదు.

"నన్నూ మార్చండి సార్, ఊపిరాడటం లేదు," అని సూపర్‌వైజరును బతిమాలింది.

"నలభై ఆరేగా! గుర్రంలా ఉన్నావు, పో పో," అన్నాడతను.

ఆ రోజు నుంచి మెట్ల మీద చప్పుడైతే చాలు, మి చన్ తనే ముందు వెళ్ళి తలుపు తీసేది.

ఒక మధ్యాహ్నం, షిఫ్టుకు ముందు, గుమ్మంలో ఎవరో వయసులో ఉన్న అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో అదే మిషన్.

"పెద్దమ్మ రాలేదా?"

"మా అమ్మ బుధవారం పోయింది అక్కా. ఆయాసం. మెట్లెక్కొద్దని డాక్టర్లు చెప్పినా వినలేదు."

మి చన్ చెయ్యి చాపి మిషన్ గొట్టం అందుకుంది.

"నేను ఆ రోజు చుట్ట తాగి ఊదాను," అంది. "ఇప్పుడు తాగలేదు. ఊదుతాను, రాసుకో."

ఊదింది. ఎనభై ఎనిమిది.

ఆ అమ్మాయి తల దించుకుంది.

"రాసుకుంటాను. కానీ జాబితా మూసేశారు. మళ్ళీ మార్చేది వానలు వెళ్ళాకే. అంతదాకా ఈ మందు పీల్చు. ఆవిరిలో నిలబడితే మాత్రం దీని పని అంతంతే."

"వానలు వెళ్ళాకా? ఇంకా ఐదు నెలలుంది!" ఖిన్ లాట్ గొంతు తగ్గింది. "మీ అమ్మను కంపెనీ మనిషనుకున్నామమ్మా."

"పదహారేళ్ళు మీ ఆవిరి గదిలోనే రొయ్యలు ఒలిచింది. అప్పట్లో నంబరు ఎక్కువొస్తే నిజంగానే తీసేసేవాళ్ళు. ఈ మధ్యే ఆ పద్ధతి మారింది."

ఫ్యాక్టరీ సైరన్ మోగింది.

"చుట్ట తాగి ఊదితే నంబరు తగ్గుతుందని మీ లైనుకు మొదట నేర్పింది మా అమ్మే అక్కా," అని ఆ అమ్మాయి చెబుతుండగానే, మి చన్ తలగుడ్డ బిగించి కట్టుకుని, మెట్లు దిగి ఫ్యాక్టరీ ఆవిరిలోకి వెళ్ళిపోయింది.