గొడుగు సీను

“ఆ సినిమాకా? డబ్బులిచ్చి తలనొప్పి కొనుక్కుంటారా ఎవరైనా?” అన్నాడు చెప్పుల కొట్టు యజమాని, టైలర్ పాదం ముందు మోకాళ్ల మీద కూర్చుని.

“పాత బొమ్మే కదా, మళ్లీ వేశారు. కుర్రతనంలో చూశాను, బాగుందనే గుర్తు.”

“కుర్రతనంలో అన్నీ బాగుంటాయి. నేను మొన్న చూసొచ్చాను. హీరో చొక్కాకి ఒక షాటులో రెండు జేబులు, ఇంకో షాటులో ఒకటే. మీలాంటి పనివాడు చూస్తే రెండు రోజులు అన్నం సయించదు.”

టైలర్ ముఖం చిట్లించాడు. “అంత ఘోరమా? అయితే వద్దులెండి.”

వెనక పీట మీద యజమాని భార్య జతలు సర్దుతోంది. అతను పెట్టె అందుకోబోతే ఆపి, చెప్పుల్లోకి బొటనవేలు పోనిచ్చింది. “ఎడమది ఏడు, కుడిది ఎనిమిది. వేరేది తియ్యండి,” అంది తల ఎత్తకుండానే.

“అమ్మో! నంబరైనా చూడకుండా చెప్పేశారే!”

“ముప్పై ఏళ్ల చెయ్యి మరి,” అని యజమాని నవ్వి, సరైన జత తొడిగాడు. మనసులో మాత్రం టైలర్ పేరు కొట్టేశాడు. ఒకరు తగ్గారు.

గురువారం బజారుకి సెలవు. ఆ రోజు వీధి వీధంతా మూలనున్న హాలుకి మ్యాట్నీకి వెళ్లడం అలవాటు. పోయిన ఆదివారం మాత్రం ఈ భార్యాభర్తలు కొట్టు ముందే కట్టేసి ఫస్ట్ షోకి వెళ్లారు. అతను నోరు మూయడం లేదని వెనక వరుసవాళ్లు గోల పెట్టారు. ఇంటర్వెల్‌లో గేటు దగ్గరి మనిషి వచ్చి, మర్యాదగానే, ఇద్దరినీ బయటికి పంపేశాడు. శుక్రవారం బొమ్మ మారిపోతుంది. అంటే మిగిలింది ఒక్క గురువారం, ఒక్క మ్యాట్నీ. ఆ ఆటకి ఈ వీధి నుంచి ఒక్క మనిషి కూడా రాకూడదని అతను పట్టుబట్టి కూర్చున్నాడు.

పాదం కొలిచి చెప్పు తీసినట్టే, మనిషిని కొలిచి మాట తీశాడు. “హీరోయిన్ తల్లి పద్దెనిమిది రీళ్లు దగ్గుతుందండీ, ఒక్కడూ ఒక్క చెంచా మందు పొయ్యడు,” అని మందుల షాపాయనకి చెప్పాడు. ఆయన అక్కడికక్కడే మానుకున్నాడు.

“లెక్కల మాస్టారు వస్తున్నారు. ఎడమ మడమ మళ్లీ అరగ్గొట్టుకున్నారు,” అంది భార్య. ఆయనింకా మెట్టెక్కనే లేదు.

“సార్, అందులో అన్నకంటే తమ్ముడు మూడేళ్లు పెద్దవాడు. కావాలంటే లెక్కగట్టుకోండి,” అన్నాడు యజమాని.

మాస్టారు వేళ్ల మీద లెక్కగట్టి, “ఛీ!” అన్నారు.

బుధవారం సాయంత్రానికి వీధిలో మిగిలింది పక్క కొట్టు వాచీల మెకానిక్ ఒక్కడే. అతను మొండిఘటం.

“అన్నా, నువ్వు చూసింది సగం. ఇంటర్వెల్‌లో గెంటేశారుగా! సెకండాఫ్ బాగాలేదని ఎలా చెబుతావు?”

“ఫస్టాఫ్ చూస్తే సెకండాఫ్ తెలీదేంట్రా?”

“అసలు ప్రాణమంతా గొడుగు సీనులోనే ఉందట. అయినా నువ్వు బాగాలేదన్నావంటే కచ్చితంగా బాగుండుంటుంది. నేను వెళ్తాను.”

యజమాని ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూశాడు. బేరం తిరగెయ్యాల్సిన చోటు తెలిసినవాడు.

“సరే, నీ దగ్గర దాపరికమెందుకు? అద్భుతంరా! ఫస్టాఫ్‌కే నాకు మూడుసార్లు ఏడుపొచ్చింది. ఇలాంటి సినిమా ఇంకోటి రాదు.”

మెకానిక్ భూతద్దం కంటి మీంచి తీశాడు. “నీకు నచ్చిందా? నిజంగా?”

“ఒట్టు.”

“చచ్చాం పో. పోయినసారి నువ్వు మెచ్చుకున్న సినిమాకి పోయి గంటన్నర గురకపెట్టాను. ఇంట్లోనే పడుకుంటాలే.” లోపలికి తొంగి చూసి, “వదినా, ఈయన ఈమధ్య రోడ్డు మీద నీ చెయ్యి వదలట్లేదేంటి, కొత్త పెళ్లికొడుకులాగా?” అన్నాడు.

“నీకు కుళ్లెందుకయ్యా?” అందామె, చేతిలోని జతకి దారం చుడుతూ.

షట్టరు దించాక భార్య అంది, “పాపం, అందరినీ ఎందుకండీ ఆపడం?”

“నీకు సెకండాఫ్ కావాలా, అక్కర్లేదా?”

“కావాలి. గొడుగు సీను కావాలి.”

పెళ్లైన వారంలో ఇద్దరూ కలిసి చూసిన మొదటి సినిమా అది. అందులో గొడుగు పసుపని ఆమె, ఆకుపచ్చని అతను. ముప్పై ఏళ్లుగా ఆ తగువు తెగలేదు.

“అయితే నా పని నన్ను చేసుకోనీ.”

గురువారం మ్యాట్నీకి గేటు దగ్గరి మనిషి వాళ్లిద్దరినీ చూసి దిగాలుగా నవ్వాడు. “రండి రండి. ఎవరి దిష్టి తగిలిందో, మీరు తప్ప పురుగు లేదు. టిక్కెట్లు తెగాయి కాబట్టి మీ ఇద్దరి కోసమే ఆడిస్తున్నాం.”

యజమాని తలొంచుకుని, చంకలోని పెట్టె అతని చేతిలో పెట్టాడు. “కొత్త జత. నీ కాలికి సరిపోతుంది, కొలత పోయినసారే చూసుకున్నాను.”

ఇద్దరూ సరిగ్గా మధ్య వరుసలో కూర్చున్నారు. ఇంటర్వెల్ అయింది. తెర మీద జరిగేదంతా అతను చెబుతూనే ఉన్నాడు, ఈసారి నోరు మూయమన్నవాళ్లూ, లేవమన్నవాళ్లూ లేరు. లైట్లు మళ్లీ ఆరాయి. కాసేపటికి స్పీకర్లలో ఉరుము, ఆ వెనకే జోరున చినుకులు. భార్య అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి జరిగింది.

“వాన వినిపిస్తోంది, గొడుగు ఏ రంగో చెప్పండి.”