పలకని సగం

"కీబోర్డ్ కింది సగం పలకడం లేదురా," అంది అక్క, గోడ అవతల నుంచి.

తమ్ముడికి పై ప్రాణాలు పైనే పోయాయి. నిన్న ఆమెని అడక్కుండా కంప్యూటర్‌ని నడిపే లినక్స్ సిస్టమ్‌ని కొత్తదానికి మార్చింది తనే. లక్షణంగా ఉన్నదాన్ని బాగుచేయబోయి చెడగొట్టడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. పొద్దున చూస్తే స్పీకర్లు మూగబోయి ఉన్నాయి. అక్క వాయించే కీబోర్డ్ అనేది ఒకటుందని కూడా కంప్యూటర్ మరిచిపోయింది. నాలుగు గంటలకల్లా పాట పంపకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని నాటకం వాళ్ళు కచ్చితంగా చెప్పేశారు. ఆరునెలలు ఖాళీగా కూర్చున్నాక అక్కకి దొరికిన మొదటి పని అది.

కంప్యూటర్ ఫ్యాన్ రొద రికార్డింగ్‌లో పడకూడదని దాన్ని పక్క గదిలో పెట్టుకున్నారు. గోడకి కన్నం వేసి పొడుగాటి వైరు లాగారు. అక్కడ ఆమె వాయిస్తుంటే ఇక్కడ ఇతను తెర చూస్తుంటాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడదు, మాటలన్నీ గోడ మీదుగానే.

మామూలుగా అయితే ఈపాటికి అక్క అతన్ని తిట్లతో ఉతికి ఆరేసి ఉండేది. ఇవాళ ఒక్క మాటా అనలేదు. తల బరువుగా ఉంది, తొందరగా కానిమ్మని మాత్రం అంది, ఎవరి పనో అన్నట్టు. బతికానురా దేవుడా అనుకున్నాడు. భయపడీ భయపడీ అతనికీ మధ్యాహ్నానికి మనసు మొద్దుబారింది. భోజనం సంగతి కూడా ఇద్దరూ ఎత్తలేదు.

పొద్దుటి నుంచీ ఒక్కొక్కటే సరిచేస్తూ వచ్చాడు. స్పీకర్లు కూతపెట్టాయి. కీబోర్డ్ పేరు తెర మీదకొచ్చింది. మీట నొక్కినప్పుడల్లా ఒక గీత పడే ప్రోగ్రామ్ తెరిచి, వాయించమన్నాడు. పై స్వరాలు గలగలా పలికాయి, గీతలు వరసగా పడ్డాయి. కింది స్వరాలకి మాత్రం ఒక్క గీతా లేదు. కింది సగం పలకడం లేదని అక్క అన్నది అప్పుడే.

అప్పుడతనికి బుర్ర వెలిగింది. కొన్ని కీబోర్డులు మీటల్ని రెండు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో ఛానెల్‌లో, అంటే వేరే దారిలో, పంపుతాయి. కంప్యూటర్ ఒకటే వింటోందేమో. పదహారు ఛానెళ్ళూ వినేలా మార్చి మళ్ళీ వాయించమన్నాడు. పాట పైసగం తీయగా వచ్చింది. కింద ఏమీ లేదు.

"అక్కా, కింది మీటలు ఒక్కొక్కటే నొక్కు."

"నొక్కుతూనే ఉన్నాను."

"గట్టిగా నొక్కు."

"ఇంకెంత గట్టిగా నొక్కాలిరా? నాకు వినపడుతూనే ఉంది."

తెర మీద గీత పడలేదు. స్పీకర్లలోంచి చప్పుడూ రాలేదు. ఇందాక పలకడం లేదన్నది తనే కదా, చిరాకులో ఏదో అందిలే అని అతను ఆ మాట పట్టించుకోలేదు. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ పెట్టాడు. పాత లినక్స్ తిరిగి ఎక్కిద్దామంటే రెండు గంటలు పడుతుంది, చూస్తే మూడున్నర అయింది. అక్క నోటి దగ్గర కూడు తన చేతులారా పడగొట్టానన్న సంగతి తెలుస్తూనే ఉంది గానీ, ఏడుపు కూడా రాలేదు. సొరుగులోంచి ఇంకో వైరు తీసుకున్నాడు. ముందు ఆ మీటలేవో తనే నొక్కి చూస్తే తేలిపోతుంది కదా, ఇంతసేపూ ఈ మాత్రం తట్టలేదేమిటని తనని తనే తిట్టుకుంటూ పక్క గది తలుపు తోశాడు.

అక్క కీబోర్డ్ ముందు నిటారుగా కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళు పై మీటల మీద ఎప్పటిలాగే చకచకా ఆడుతున్నాయి, ఒక్క స్వరం కూడా తప్పడం లేదు.

"చూడు, రెండు చేతులతోనూ వాయిస్తూనే ఉన్నానుగా," అంది అతనివైపు తిరగకుండా.

ఎడమ చెయ్యి కుర్చీ పక్కన చచ్చుబడి వేలాడుతోంది.