మూడో వైరు

దర్జీ అమ్మాయి ఎక్స్‌టెన్షన్ బాక్సు కాలిపోయి, పక్కనే ఉన్న సగం కుట్టిన గౌను కూడా మాడిపోయిన రోజున, మేడమీద ఉండే ఇంటి యజమాని పిడుగులా కింది వాటాలోకి ఊడిపడ్డాడు.

"ఏమ్మా, నా కొంప అంటించేద్దామనా? ఒక్క బాక్సుకి ఎన్ని గుచ్చావు?"

"మిషనూ, లైటూ... అంతే బాబాయిగారూ."

ఆయన నమ్మలేదు. మొన్ననే రంగులు వేయించిన గోడమీద పొగ మరకని వేలితో గీకి చూశాడు.

"నెలాఖరుకి ఖాళీ చేసెయ్."

"నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా ఈ వీధివాళ్లేనండీ. ఎక్కడికి పోను?" అంది ఆ అమ్మాయి సన్నగా.

మెయిన్ ఆపేసి వచ్చిన ఎలక్ట్రీషియన్, కరిగిన బాక్సుని స్క్రూడ్రైవరుతో తిప్పి చూశాడు.

"మిషనుకీ లైటుకీ ఇలా కరగదు సార్. హీటరులాంటిదేదో పెట్టారు. అలాంటివి గోడ ప్లగ్గుకే పెట్టాలి."

"విన్నావా? ఇస్త్రీపెట్టె పెట్టావు కదూ?"

"అది ఎప్పుడూ గోడ ప్లగ్గుకే పెడతానండీ."

"మరి ఈ మూడో వైరు ఎవరిది?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఆ అమ్మాయి తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించసాగింది.

యజమానికి హుషారు పుట్టుకొచ్చింది. వైరు పట్టుకుని బయల్దేరాడు. అది చాప కిందికి దూరింది.

"చాప కింద వైరా! వేడెక్కితే చాపే అంటుకుంటుంది కదమ్మా!" అని వెనకాల ఎలక్ట్రీషియన్ నెత్తి కొట్టుకున్నాడు.

చాప దాటిన వైరు కిటికీలోంచి బయటపడి, వాననీటి గొట్టం వెంట పైకి పాకింది.

"ఎవడో గానీ దొరికాడు! వాణ్ణి కూడా నీతోపాటే గెంటేస్తాను" అంటూ యజమాని రెండు చేతులా పట్టి లాగాడు.

పైనుంచి ఎవరో అంతకంటే గట్టిగా వెనక్కి లాగారు. ఆ వెంటనే మేడమీది కిటికీలోంచి ఆయన తల్లి తల బయటపెట్టింది.

"నా హీటరు వైరు వదలరా! నీకు చెప్పొద్దని ఆ పిల్లచేత ఒట్టేయించుకున్నది నేనే. నా గదిలో ప్లగ్గు పెట్టించమంటే గోడ పాడవుతుందన్నావు, రెండు చలికాలాలు గడిచాయి, ఇంకా పెట్టించలేదు."